బెడ్‌ఫర్డ్ డీ-డే స్మారకం: దారి పొడవునా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది వర్జీనియాలో. ఎండాకాలం వచ్చిందంటే చుట్టాలో స్నేహితులో దిగుతారు, వాషింగ్టన్ రెండు రోజుల్లో అయిపోతుంది, మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ "ఇంకేం ఉన్నాయి ఇక్కడ?" అంటారు. అప్పుడు నేను బెడ్‌ఫర్డ్ పేరు ఎత్తుతాను. "ఎప్పుడూ వినలేదే" అని మొహం అదోలా పెడతారు, వెళ్లొచ్చాక మాత్రం వాళ్లే ఇంకో నలుగురికి చెబుతారు. ప్రతిసారీ కారులో ఇవే ప్రశ్నలు, నేనూ అవే జవాబులు చెప్పీ చెప్పీ అలసిపోయాను, అందుకని రాసి పెడుతున్నాను. వరసలూ గిరసలూ ఏమీ లేవు, జనం అడిగినట్టే రాశాను.

అసలు ఈ బెడ్‌ఫర్డ్ ఎక్కడ?

వర్జీనియా నైరుతి వైపు, లించ్‌బర్గ్‌కీ రోనోక్‌కీ మధ్యలో, 460 నంబరు హైవే మీద. వెనకాల బ్లూ రిడ్జ్ కొండలు కనిపిస్తుంటాయి. వాషింగ్టన్ నుంచి నాలుగు గంటలు వేసుకోండి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకాస్త. స్మారకం ఊరి బయట గుట్ట మీద ఉంటుంది, హైవే దిగగానే బోర్డులు కనిపిస్తాయి, తప్పిపోయే ప్రమాదం లేదు.

డీ-డే అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేస్తారా? స్కూల్లో చదివాం, మర్చిపోయాం.

1944 జూన్ 6. హిట్లర్ సైన్యాల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోకి అమెరికా, బ్రిటన్, కెనడా, వాళ్లతో కలిసిన దేశాలు సముద్రం మీదుగా దిగిన రోజు. నార్మండీ తీరాన్ని ఐదు ముక్కలుగా చేసి రహస్యంగా పేర్లు పెట్టుకున్నారు: యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్. మొదటి రెండూ అమెరికావాళ్ల వంతు. ఆ ఒక్క రోజులో లక్షన్నర మందికి పైగా దిగారు. నిజానికి 5వ తేదీనే దిగాల్సింది, వాతావరణం బాగోలేక ఒక రోజు వాయిదా వేశారు. సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఒకవేళ ఓడిపోతే తప్పంతా నాదేనని ముందే ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు, ఆ టెన్షన్‌లో దాని మీద తేదీ జూలై 5 అని తప్పు వేశాడు. నాకు ఆ చీటీలో రాసిన మాటల కంటే ఆ తప్పు తేదీయే ఎక్కువ నచ్చుతుంది.

దేశంలో ఇన్ని మహానగరాలు ఉండగా జాతీయ స్మారకం ఈ మారుమూల ఎందుకు?

అందరూ అడిగేది ఇదే. 1944లో ఈ పట్నం జనాభా దాదాపు 3,200. ఇక్కడి నేషనల్ గార్డు దళం, అంటే 29వ డివిజన్‌లో 116వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటుకు చెందిన 'ఎ' (A) కంపెనీ (కంపెనీ అంటే సైన్యంలో ఒక దళం), ఒమాహా తీరంలో మొట్టమొదటి విడతలో దిగింది. డీ-డే నాటికి ఆ కంపెనీలో బెడ్‌ఫర్డ్ వాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. సాయంత్రానికి అందులో 19 మంది లేరు. జనాభా లెక్కన చూస్తే ఆ రోజు అమెరికాలో ఇంత దెబ్బ తిన్న ఊరు ఇంకొకటి లేదంటారు. అందుకే 1996లో అమెరికా కాంగ్రెస్ ఇక్కడి స్మారకానికి జాతీయ హోదా ఇచ్చింది.

ఇక్కడ నాదొక చిన్న పేచీ. "జనాభా లెక్కన అందరికంటే ఎక్కువ" అన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది, కానీ ఆ కుర్రాళ్లలో చాలామంది పట్నం వాళ్లు కాదు, చుట్టుపక్కల కౌంటీలోని (మన జిల్లా లాంటిది) పొలాల మీద పెరిగినవాళ్లు. కౌంటీ జనాభా మొత్తం కలిపితే ఆ భాగహారం మారిపోతుంది. అయితే మాత్రం ఏమిటి, శనివారం పూట సరుకులకి వచ్చినా, సినిమాకి వచ్చినా, గార్డు డ్రిల్లుకి వచ్చినా అందరూ ఈ వీధిలోకే వచ్చేవాళ్లు. భాగహారం సంగతి వదిలేసి ఆ వీధి ఎంత పొడవు ఉందో నడిచి చూడండి, చాలు.

ఒకచోట 19 అని, ఇంకోచోట 20 అని, మరోచోట 23 అని ఉంటుంది. ఏది కరెక్టు?

ఎవరిని లెక్కపెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 'ఎ' కంపెనీలో ఉండి ఆ రోజే చనిపోయిన బెడ్‌ఫర్డ్ వాళ్లు 19. అదే కంపెనీవాళ్లు ఇంకో ఇద్దరు తర్వాత నార్మండీ పోరాటంలో పోయారు. అదే రెజిమెంటులో వేరే కంపెనీల్లో ఉన్న బెడ్‌ఫర్డ్ వాళ్లు మరో ఇద్దరు. వాళ్లలో ఎవరిని కలుపుతారు, ఎవరిని కలపరు అన్నదాని మీద సంఖ్య మారుతుంది. కాబట్టి గైడు ఒక సంఖ్య చెబితే, మీరు చదివింది ఇంకొకటైతే, ఆయనతో వాదన పెట్టుకోకండి. మా బావగారు పెట్టుకున్నారు, అరగంట పోయింది.

ఒకే ఊరివాళ్లని అందరినీ ఒకే చోటికి ఎందుకు పంపారు? అది తెలివితక్కువ పని కదా?

నేషనల్ గార్డు అంటేనే ఊరి దళం. శాంతి కాలంలో ఊళ్లోనే డ్రిల్లు చేసుకుంటారు, అవసరమైతే దేశం పిలుస్తుంది. 1930ల కరువు రోజుల్లో ఒక్కో డ్రిల్లుకి ఒక డాలరు ఇచ్చేవారు. ఆ డాలరు కోసం చేరినవాళ్లున్నారు, యూనిఫాం వేసుకుంటే అమ్మాయిలు చూస్తారని చేరినవాళ్లున్నారు, అన్న చేరాడు కాబట్టి తమ్ముడు చేరాడు. 1941 ఫిబ్రవరిలో వాళ్లని పూర్తికాలం సైన్యంలోకి తీసుకున్నారు, ఒక్క ఏడాదే అన్నారు. ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, ఏడాది కాస్తా యుద్ధం అయ్యేదాకా అయింది. 1942 సెప్టెంబరులో క్వీన్ మేరీ ఓడలో ఇంగ్లండ్ వెళ్లి, డెవన్‌లోని ఐవీబ్రిడ్జ్ అనే ఊరి దగ్గర నెలల తరబడి శిక్షణ పొందారు. కంపెనీలోకి బయటివాళ్లు చాలామంది వచ్చి చేరారు కానీ, ఊరివాళ్లలో మిగిలినవాళ్లు కలిసే ఉన్నారు. కలిసి ఉంటే ధైర్యం అన్నది నిజమే. కలిసి పోతే ఊరికి ఏమవుతుందో అప్పటికి ఎవరూ లెక్క వేసుకోలేదు.

ఆ రోజు ఆ తీరంలో అంత ఘోరంగా ఎందుకు జరిగింది?

'ఎ' కంపెనీ వంతుకి వచ్చిన ముక్కని డాగ్ గ్రీన్ అనేవారు. వియెర్‌విల్ అనే ఊరికి ఎక్కే దారి సరిగ్గా అక్కడే మొదలవుతుంది, అంటే జర్మన్లు అన్నిటికంటే గట్టిగా కాపలా పెట్టిన చోటు. ముందుగా విమానాలు వచ్చి తీరాన్ని బాంబులతో దున్నేస్తాయి, దాక్కోవడానికి గోతులు కూడా ఏర్పడతాయి అని వీళ్లకి చెప్పారు. మబ్బు పట్టి ఉంది, కిందున్న సొంత పడవల మీద ఎక్కడ పడతాయోనన్న భయంతో బాంబులు కాస్త ఆలస్యంగా వదిలారు, అవన్నీ లోపల పొలాల్లో పడ్డాయి. వీళ్లు దిగేసరికి ఇసుక నున్నగా ఉంది, ఒక్క గొయ్యి లేదు. పైగా సముద్రం వెనక్కి తగ్గి ఉన్న సమయం, వందల గజాలు బట్టబయలు. పక్కన దిగాల్సిన కంపెనీల పడవలు ప్రవాహానికి దూరంగా కొట్టుకుపోయాయి, దాంతో ఆ దారి ముందు తుపాకులన్నీ వీళ్ల మీదే మోగాయి.

ఉదయం ఆరున్నర దాటిన కొన్ని నిమిషాలకి మొదలైంది. పావుగంటలో కంపెనీ కంపెనీగా మిగల్లేదు. కెప్టెన్ టేలర్ ఫెల్లర్స్, బెడ్‌ఫర్డ్ వాడే, ఆయన ఎక్కిన పడవలో ఒక్కరూ బతకలేదు. అక్కడ తుపాకీ పేల్చే అవకాశం కూడా రాకుండా పోయినవాళ్లే ఎక్కువ.

ఊరికి కబురు ఎప్పుడు తెలిసింది?

ఆరు వారాల తర్వాత. నేను ఎవరితో వెళ్లినా కారులో మాటలు ఆగిపోయేది ఈ జవాబు దగ్గరే.

డీ-డే జరిగిందని రేడియోలో జూన్ 6నే విన్నారు, చర్చిలకి వెళ్లి ప్రార్థనలు చేశారు. మన పిల్లలు అందులో ఉండే ఉంటారని అందరికీ అనుమానం. కానీ పేర్లు రాలేదు. జూన్ గడిచింది. ఉత్తరాలు రావడం ఆగిపోయింది. జూలై సగానికి వచ్చింది.

మెయిన్ స్ట్రీట్‌లో గ్రీన్స్ డ్రగ్ స్టోర్ అని ఒక మందుల షాపు. మందులే కాదు, సోడాలు, ఐస్‌క్రీము, కుర్చీలు వేసుకుని కబుర్లు, ఊళ్లో కుర్రకారంతా చేరేది అక్కడే. అందులోనే ఒక మూల టెలిగ్రాఫ్ మిషను. దాని మీద పని చేసేది ఎలిజబెత్ టీస్ అనే ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి. జూలై 17, సోమవారం పొద్దున వచ్చి ఎప్పటిలాగే మిషను ఆన్ చేసి, రోనోక్ ఆఫీసుకి నేను సిద్ధం అని పంపింది. అటునుంచి యుద్ధంలో పోయినవాళ్ల కబుర్లున్నాయని జవాబొచ్చింది. అలాంటి టెలిగ్రామ్ ఒకటి రావడం ఆ అమ్మాయికి కొత్త కాదు, యుద్ధం కదా. ఒకటి వచ్చాక మిషను ఆగుతుందనుకుంది. ఆగలేదు. యుద్ధ శాఖ కార్యదర్శి తన ప్రగాఢ విచారాన్ని తెలుపుతున్నారు అన్న అదే వాక్యం, కింద పేరు మారుతోంది. ఇంకొకటి. మళ్లీ అదే వాక్యం. ఆ పేర్లవాళ్లు ఎవరో ఆ అమ్మాయికి తెలుసు, కొంతమంది ఆ షాపులో కూర్చుని సోడా తాగినవాళ్లు.

అన్ని ఇళ్లకి ఎవరు తీసుకెళ్లాలి? షెరీఫ్‌ని, ఊరి డాక్టర్ని, శవసంస్కారాలు చూసే ఆయన్ని, ట్యాక్సీ డ్రైవర్ని, అందుబాటులో ఎవరుంటే వాళ్లని బతిమాలి పంపింది. ఆ రోజుల్లో వీధిలో ట్యాక్సీ కనిపిస్తే తలుపులు వేసుకునేవాళ్లట, మన ఇంటి ముందు ఆగకూడదని.

అన్నదమ్ముల బైబిల్ కథ నిజంగా జరిగిందేనా?

జరిగిందే. బెడ్‌ఫర్డ్ హోబాక్, రేమండ్ హోబాక్ అని ఇద్దరు అన్నదమ్ములు (అవును, పెద్దవాడి పేరూ ఊరి పేరూ ఒకటే). పొలం మీద ఉన్న ఇంటికి ఒక ఆదివారం, కుటుంబం చర్చికి బయల్దేరుతుండగా పెద్దవాడు చనిపోయాడని కబురొచ్చింది. మర్నాడు చిన్నవాడు కనబడటం లేదని రెండో కబురు. ఒక్క రోజు తేడాలో.

తర్వాత పోస్టులో ఒక చిన్న పొట్లం వచ్చింది. పంపినవాడు వెస్ట్ వర్జీనియాకి చెందిన ఇంకో సైనికుడు, వీళ్లకి ముఖపరిచయం కూడా లేనివాడు. దిగిన మర్నాడు తీరం వెంట నడుస్తుంటే ఇసుకలో ఒక బైబిల్ దొరికిందట. తెరిచి చూస్తే రేమండ్ పేరు రాసి ఉంది. మీ అబ్బాయి క్షేమంగానే ఉండి ఉంటాడని, తెలియకుండానే పుస్తకం జారిపోయి ఉంటుందని ఉత్తరం రాసి జత చేశాడు పాపం. రేమండ్ శరీరం ఎప్పటికీ దొరకలేదు. యుద్ధమయ్యాక పెద్దవాడిని తెచ్చుకుంటారా అని ప్రభుత్వం అడిగితే, అన్నదమ్ములిద్దరినీ విడదీయడం ఇష్టం లేక అక్కడే ఉంచమన్నారు. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కోల్‌విల్ సమాధుల తోటలో ఒకడి సమాధి, కనబడనివాళ్ల గోడ మీద ఇంకొకడి పేరు.

ఆ కంపెనీలో కవల పిల్లలు కూడా ఉన్నారంటారు?

రాయ్ స్టీవెన్స్, రే స్టీవెన్స్. పడవల్లోకి దిగబోయే ముందు రే చెయ్యి చాపాడు. ఇప్పుడొద్దు, పైన వియెర్‌విల్ కూడలిలో కలిసినప్పుడు చేయి కలుపుదాం అన్నాడు రాయ్. రాయ్ ఎక్కిన పడవ తీరం చేరకముందే మునిగింది, అందులో చాలామందిని నీళ్లలోంచి లాగి తిరిగి ఇంగ్లండ్ చేర్చారు, అలా బతికాడు. నాలుగైదు రోజులకి ఒడ్డుకి చేరి, కొత్తగా తవ్విన సమాధుల దగ్గర ఎస్ అక్షరం ఉన్న వరసలోకి వెళ్లాడు. ఒక కర్రకి వేలాడుతున్న పేరు బిళ్ళ మీద మట్టి తుడిచి చూస్తే అది తమ్ముడిదే. ఆ చెయ్యి కలపనందుకు ముసలివాడయ్యేదాకా బాధపడ్డాడు. 2007లో పోయాడు.

బతికొచ్చినవాళ్లు ఏమయ్యారు?

చాలావరకు మామూలు బతుకులే. వాళ్లలో ఆఖరివాడు రే నాన్స్, కంపెనీలో ఆఫీసరు, తీరం మీద గాయాలతో బయటపడ్డాడు, 2009లో 94 ఏళ్ల వయసులో పోయాడు. తిరిగొచ్చాక ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో తెలుసా? పోస్ట్‌మ్యాన్. బెడ్‌ఫర్డ్ చుట్టుపక్కల పల్లె దారుల్లో ఉత్తరాలు పంచాడు. పోయినవాళ్ల అమ్మానాన్నలు ఆయన్ని చూసి ఏమనుకునేవాళ్లో, వాళ్ల ఎదుటపడితే ఆయన ఏమనుకునేవాడో. బతికొచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఆ రోజు గురించి నోరు విప్పలేదు, అడిగేవాళ్లూ లేరు.

ఈ స్మారకం ఎవరి ఆలోచన? ప్రభుత్వం కట్టిందా?

కాదు. బాబ్ స్లాటర్ అని రోనోక్ ఆయన, అదే రెజిమెంటులో డి కంపెనీ, పందొమ్మిదేళ్లకే ఒమాహాలో దిగాడు. డీ-డేకి దేశంలో ఒక స్మారకం కూడా లేదే అని 1980ల చివర్లో పట్టు పట్టాడు. ఏళ్లకేళ్లు తిరిగాడు. బెడ్‌ఫర్డ్ నగరం స్థలం ఇచ్చింది. స్నూపీ అనే కుక్క కార్టూన్లు గీసిన చార్లెస్ షుల్జ్, ఆయనా ఆ యుద్ధంలో సైనికుడే, పది లక్షల డాలర్లు ఇచ్చి, మిగతా చందాల సేకరణకి పెద్దగా నిలబడ్డాడు, పూర్తయ్యేసరికి మాత్రం ఆయన లేడు. 2001 జూన్ 6న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ వచ్చి ప్రారంభించారు.

ప్రారంభమైతే ఘనంగా జరిగింది కానీ వెనకాల అప్పులు మిలియన్లలో మిగిలాయి. 2002లో స్మారకం నడిపే ఫౌండేషన్ దివాలా పిటిషన్ వేసుకుంది. చేతిలో పూర్తి డబ్బు లేకుండానే కట్టేశారు. ఎందుకంత తొందర అని తిట్టినవాళ్లున్నారు. మరి ఆగితే? ఎవరి కోసం కడుతున్నారో వాళ్లు అప్పటికే ఒక్కొక్కరుగా పోతున్నారు. బాకీలు పెట్టడం తప్పే, కానీ ఇంకో పదేళ్లు ఆగి కట్టి ఉంటే ప్రారంభం రోజు కుర్చీల్లో కూర్చుని చూడటానికి ఎంతమంది మిగిలేవాళ్లని నాకు అనిపిస్తుంది. తర్వాత మెల్లగా గట్టెక్కింది. స్లాటర్ 2012లో పోయాడు.

జాతీయ స్మారకం అంటారు, మళ్లీ టికెట్ ఏమిటి? వాషింగ్టన్‌లో అన్నీ ఫ్రీ కదా?

పేరుకే జాతీయం. నడిపేది ఫౌండేషన్, లాభాపేక్ష లేని సంస్థ, నేషనల్ పార్క్ సర్వీసు కాదు. పచ్చిక కత్తిరించాలన్నా, కంచు బొమ్మలు కడగాలన్నా చందాలూ టికెట్లూ అమ్మిన డబ్బే. కాబట్టి పార్కుల వార్షిక పాస్ పట్టుకొచ్చి గేటు దగ్గర చూపించకండి. ఆ వారం వేళలూ టికెట్ ధరా బయల్దేరే ముందే చూసుకోండి, చలికాలంలో కొన్ని రోజులు మూసేస్తుంటారు.

లోపల ఏం చూడాలి? ఎంతసేపు పడుతుంది?

తాపీగా చూస్తే రెండు గంటలు. మూడు మెట్లుగా కట్టారు, కింది నుంచి పైకి వెళ్తుంటే కథ నడుస్తుంది.

మొదటిది తోట. ఇంగ్లండ్‌లో పథకం వేసుకున్న రోజులన్నమాట. ఐసెన్‌హోవర్ మండపంలో నిలబడి ఉంటాడు, ఆయన నెత్తి మీద పైకప్పులో నార్మండీ పటం ఉంటుంది, తల ఎత్తకపోతే చూడలేరు, చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. పూలమొక్కల్ని పైనుంచి చూస్తే ఆయన సేనల భుజం మీద ఉండే కత్తి గుర్తు ఆకారంలో పెంచారు.

రెండోది తీరం. నేను ఎక్కువసేపు ఉండేది ఇక్కడ. నీటి కొలను, దాని చివర ఇసుక, తలుపు తెరుచుకున్న పడవ ఆకారం, కంచు సైనికులు. ఒకడు గాయపడినవాడిని లాక్కెళ్తుంటాడు, ఒకడు నీళ్లలోంచి తుపాకీ పైకెత్తుకుని నడుస్తుంటాడు, ఒకడు ఇసుక మీద పడిపోయి ఉంటాడు. నీళ్లలో ఉన్నట్టుండి టప్ మని చిన్న జల్లు లేస్తుంది, క్షణం ఆగి ఇంకోచోట. ఫౌంటెన్ పాడైందేమో అనుకుంటారు కొత్తవాళ్లు. అవి తూటాలు. నీళ్ల కింద నుంచి గాలి వదిలి అలా చేశారు. ఎక్కడ లేస్తుందో ముందే తెలియదు, ఎంత చిన్న శబ్దమో కూడా చెప్పలేను, కానీ రెండు నిమిషాలు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. ఒకసారి మా పక్కింటి పిల్ల, ఆరేళ్లది, మొదట నవ్వుతూ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. పడి ఉన్న బొమ్మని చూశాక లెక్కపెట్టడం ఆపేసింది.

మూడోది పైన కమాను, జెండాలు. నిజం చెప్పాలంటే తీరం చూశాక ఇది కాస్త చప్పగా ఉంటుంది. గెలుపు కదా, చూపించాలి.

కమాను ఎత్తు గురించి ఏదో లెక్క ఉందట?

44 అడుగుల 6 అంగుళాలు. 1944, ఆరో నెల, ఆరో తేదీ గుర్తుకు వచ్చేలా. దాని మీద నలుపు తెలుపు చారలు కూడా ఊరికే వేయలేదు, ఆ రోజు మిత్రదేశాల విమానాల రెక్కల మీద సొంతవాళ్లు పొరపాటున కాల్చకుండా వేసిన చారలవి.

గోడల మీద పేర్లు బెడ్‌ఫర్డ్ వాళ్లవేనా?

కాదు, ఆ ఒక్క రోజున చనిపోయిన మిత్రదేశాల సైనికులందరివీ. 4,400కు పైగా, అందులో అమెరికన్లు 2,500కు పైగా. ఒకవైపు అమెరికన్లు, ఇంకోవైపు మిగతా దేశాలవాళ్లు. డీ-డే రోజు ఎంతమంది పోయారన్నది అప్పటిదాకా ఎవరి దగ్గరా సరైన లెక్క లేదు. ఇక్కడి పరిశోధకురాలు ఒకావిడ ఏళ్ల తరబడి రెజిమెంటు రికార్డులూ సమాధుల రికార్డులూ పట్టుకుని ఒక్కో పేరూ సరిచూసి ఈ జాబితా తయారు చేశారు. చరిత్రకారులు వేసుకున్న పాత అంచనాల కంటే ఇది చాలా ఎక్కువ వచ్చింది. కొత్తగా రుజువైన పేర్లు తర్వాత కూడా చేరాయి, అందుకే పాత పుస్తకాల్లో అంకె వేరుగా ఉంటుంది. అన్ని విగ్రహాలూ, కమానూ పక్కన పెడితే, ఈ స్మారకం ప్రపంచానికి చేసిన అసలు పని ఈ లెక్కే అని నా అభిప్రాయం.

మనవాళ్ల పేర్లు ఏమైనా ఉన్నాయా?

ఈ ప్రశ్న మా నాన్నగారి వయసు వాళ్లందరూ అడుగుతారు. సరిగ్గా ఆ జూన్‌లో భారత సైన్యం ఇటలీలోనూ, కొహిమా, ఇంఫాల్ దగ్గరా పోరాడుతోంది. మనవాళ్ల పేర్లు వెతకాల్సింది ఆ సమాధుల దగ్గర.

మొహం సగం పగిలిన ఆడమనిషి విగ్రహం ఉంది. ఎవరైనా పాడు చేశారా?

అదలాగే ఉండాలి. ఒమాహాకి దగ్గర్లో ట్రెవియెర్ అనే చిన్న ఊళ్లో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల కోసం ఈ విగ్రహం పెట్టుకున్నారు. 1944లో రెండో యుద్ధం వచ్చి గుండు తగిలి దవడ ఎగిరిపోయింది. ఊరివాళ్లు బాగు చేయించకుండా అలాగే ఉంచేశారు. దానికి అచ్చు తీసి పోసినదే ఇక్కడున్నది. ఒక యుద్ధపు స్మారకాన్ని ఇంకో యుద్ధం కొట్టింది. కాసేపు దాని ముందు నిలబడండి.

స్టాలిన్ విగ్రహం గొడవ ఏమిటి?

2010లో మిత్రదేశాల నాయకుల తలలు వరసగా పెడుతూ స్టాలిన్‌ది కూడా పెట్టారు. ఊళ్లో పెద్ద గోల. ఫౌండేషన్ వాదన ఏమిటంటే, తూర్పున రష్యా జర్మన్ సైన్యాన్ని పట్టి ఉంచకపోతే ఇక్కడ దిగడం సాధ్యమయ్యేది కాదు, చరిత్రలో ఉన్నవాడిని ఎలా దాస్తాం అని. అవతలివాళ్లు, అంతమందిని చంపించినవాడికి మా పిల్లల పక్కన చోటా అని. కొన్ని నెలలకే తీసేశారు. చరిత్ర ప్రకారం మొదటి వాదన తప్పేమీ కాదు. కానీ అది పాఠ్యపుస్తకం కాదు, చనిపోయినవాళ్ల చోటు. నేను ఆ ఊరివాడినైతే నేనూ వద్దనేవాడిని.

మెమోరియల్ డే, వెటరన్స్ డే ఒకటేనా? ఎప్పుడు వెళ్తే మంచిది?

ఒకటి కాదు, ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా కలిపేస్తుంటారు. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే, అది యుద్ధంలో పోయినవాళ్లది. నవంబర్ 11 వెటరన్స్ డే, అది సైన్యంలో పనిచేసిన అందరిదీ, బతికున్నవాళ్లకి థాంక్స్ చెప్పే రోజు. మే సోమవారం నాడు మాజీ సైనికుడు కనిపిస్తే హ్యాపీ మెమోరియల్ డే అనకండి, కొందరు నొచ్చుకుంటారు. ఆ రెండు రోజులూ, జూన్ 6నా ఇక్కడ జనం ఎక్కువ. నింపాదిగా చూడాలంటే అక్టోబరు, కొండల మీద ఆకులు రంగు మారే వేళ. అంతా ఆరుబయటే, జూలై మధ్యాహ్నం వెళ్తే నెత్తి మాడిపోతుంది, టోపీ, నీళ్లు మర్చిపోకండి. పెద్దవాళ్లు ఉంటే నడక గురించి గేటు దగ్గరే అడగండి, సాయం చేస్తారు.

చిన్నపిల్లలతో వెళ్లొచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా?

రెండూ చెయ్యొచ్చు. పడిపోయి ఉన్న సైనికుడి పక్కన వేళ్లతో వి గుర్తు పెట్టి సెల్ఫీ దిగేవాళ్లని చూశాను, అది మాత్రం వద్దు.

గుట్ట మీదది చూసేసి వెనక్కి వచ్చేయచ్చా?

వచ్చేయకండి. తొంభై శాతం మంది అదే చేస్తారు, హైవే దిగి, చూసి, మళ్లీ హైవే ఎక్కేస్తారు. కారులో ఐదు నిమిషాలు పోతే ఊళ్లోకి వెళ్తారు. కోర్టు దగ్గర ఒక మామూలు రాయి ఉంటుంది, 1954లో, అంటే డీ-డేకి పదేళ్లు నిండినప్పుడు పెట్టింది. గుట్ట మీద ఇన్ని హంగులు రావడానికి దాదాపు యాభై ఏళ్ల ముందే ఆ ఊరు తన పిల్లల పేర్లు చెక్కించుకుని పెట్టుకుంది. అమ్మానాన్నలు ఇంకా బతికుండగా. దానికి టికెట్ లేదు, గైడు లేడు.

అక్కడినుంచి మెయిన్ స్ట్రీట్‌లోకి నడిస్తే గ్రీన్స్ డ్రగ్ స్టోర్ ఉన్న చోటు వస్తుంది, తర్వాతి రోజుల్లో అక్కడే ఆ కుర్రాళ్ల జ్ఞాపకంగా ఒక కేంద్రం పెట్టారు. తెరిచి ఉంటే లోపలికి వెళ్లండి, లేకపోతే ఎదురుగా పేవ్‌మెంటు మీద నిలబడి వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి చూడండి. పార్కింగ్ వీధిలోనే దొరుకుతుంది.